ప్రతిరోజూ ఎనిమిదికి

పొల్లాచ్చి బస్సులో పక్కసీటు పెద్దావిడ సంచిలో ఫోను మోగింది. ఆమె దాన్ని ఆపి, నీళ్లసీసా మూత తీసి, మాత్ర మింగింది. నేను గడియారం చూసుకున్నాను. రాజేశ్వరి అక్క గుర్తొచ్చింది.

కోయంబత్తూరులో, అవినాశి రోడ్డు మీద, అక్కకు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, నాలాగే. పత్రిక ఉద్యోగం వదిలి వచ్చిన నాకు, ప్రోగ్రాం ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాసే పని ఇచ్చింది. అప్పుడు మా చేతిలో ఉన్నది ఒకే పెద్ద పని: అమెరికాలోని వృద్ధులకు ఇన్సులిన్ వేళ గుర్తుచేసే యాప్. ‘ప్రతిరోజూ ఉదయం ఎనిమిదికి మోగుతుంది’ అని నేను రాసిన చోట, ఒక శుక్రవారం, ఆమె వేలు ఆగిపోయింది.

“తంబీ, నువ్వు ప్రతిరోజూ ఎనిమిది అని రాసిండావు. నేను కోడ్‌లో ముందు మోగిన వేళకి ఇరవై నాలుగు గంటలు కూడిండాను. రెండూ ఒకటి కాదప్పా.”

“రోజంటే ఇరవై నాలుగు గంటలే కదక్కా?”

“మనకి. ఆడ ఎండాకాలం లెక్కకని ఈ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకి తోస్తారు. ఆ దినానికి ఇరవై మూడే. శనివారం ఎనిమిదికి నా లెక్క కూడితే ఆదివారం తొమ్మిదికి మోగతాది.”

ఆ సాయంత్రమే యాప్ అప్పగించాలి. కింద ఒక హెచ్చరిక చేర్చుదామన్నాను.

“ఏమి, సూది వేళకి కాచుకొనుండే అవ్వ నీ హెచ్చరిక వెతుక్కోవాల్నా? నీ మాట శరిగానే ఉండాది. నా కోడే తప్పు.”

వెంటనే పని ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి, ఈరోజు ఇవ్వలేనని చెప్పింది. అవతలివాళ్ల కేకలు నాకూ వినిపించాయి. ఈ పని పోతే ఆఫీసు నిలవదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె గంటలు కూడడం తీసేసి, అక్కడి క్యాలెండరులో మరుసటి రోజును, అక్కడి గడియారంలో ఎనిమిదిని వెతికేలా తిరగరాసింది.

ఆదివారం సాయంత్రం, అక్కడ తెల్లవారే వేళకు, ఆ దేశపు సమయం పెట్టిన ఫోనును బల్లమీద ఉంచాం. అక్క గదంతా తిరుగుతోంది.

“కూర్చో అక్కా, తల తిరగతా ఉండాది.”

“నీ తలేగా. తిరగనీ.”

ఎనిమిదికే మోగింది. ఆమె నవ్వలేదు. “శరి. రేపు?” అంది.

పని మాత్రం వేరే కంపెనీకి పోయింది. ఆ ఏడాదే అక్క ఆఫీసు మూసేసింది. ఆ తర్వాత ఎన్నో రాశాను. నా మాట నమ్మి ఎవరో సూది పట్టుకుంటారన్న ఆదుర్దా మాత్రం నన్ను వదల్లేదు. వదిలిననాడు రాయడం మానేస్తాను.