చిన్నమ్మ గోడ మీద కుళవి గూళ్ళు

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరాయంటే చాలు, ఇంట్లోకి కుళవి దిగేది. మీరు కందిరీగ అంటారు. మాది ధర్మపురి జిల్లా, హరూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం... అందుకే మాకది కుళవి. నల్లటి ఒళ్ళు, దారప్పోగంత నడుము, కిందికి వేలాడే కాళ్ళు. గుయ్యిమని చెవి పక్కన పోతే మీసాలు దువ్వే మగాళ్ళు కూడా కంచం వదిలేసి లేచేవాళ్ళు.

అయినా దాన్ని కొట్టడానికి లేదు. అది మట్టి తెచ్చి గోడకు గూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని మా అవ్వ నమ్మకం. మా నాయన చీపురు ఎత్తితే చాలు...

"రేయ్, దాన్ని ముట్టినావంటే చెయ్యి ఇరిచేస్తా. బిడ్డను మోసుకొస్తా ఉండాదిరా అది!"

కుళవికి కొండి వెనకాల ఉంటుంది. మా అవ్వకు ముందర, నోట్లో.

ఆ కొండి ఎక్కువగా తగిలింది మా చిన్నమ్మకే... చిన్నాయన భార్యకి. పెళ్ళయి చాన్నాళ్ళయినా ఆమెకు పిల్లల్లేరు. తీర్థమలై కొండమీది దేవుడికి మొక్కులు మొక్కింది, నాటుమందులు మింగింది. ఆ ఎండాకాలం అవ్వ అందరి ముందూ తేల్చి చెప్పేసింది. ఆడి అంటే అరవం వాళ్ళ ఆషాఢం, పెళ్ళిళ్ళు చెయ్యని నెల.

"ఆడి మాసం పోనీ... నా కొడుక్కి ఇంకో పిల్లను చూస్తా. నువ్వుంటే ఉండు, పోతే పో."

చిన్నాయన తలెత్తలేదు. అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. చిన్నమ్మ ఆయన కంచంలో మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను పిలిచింది. ఇంట్లో కంత్రీ పని ఏదున్నా నాకే అప్పజెప్పేవాళ్ళు... అంత మంచి పేరు నాది.

"పాపా, కుళవి మీ గదిలోకే వస్తాది. నా గదిలోకి ఎందుకు రాదే?"

"నీ కిటికీ ఎప్పుడూ మూసే ఉంటాది. బయట నేల చూస్తే ఎండి పగిలిపోయె. దానికి మట్టి ఎవరు తడిపిస్తారు చిన్నమ్మా, మీ నాయనా?"

ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకో.

ఆ రోజు నుంచి అంట్లు తోమిన నీళ్ళన్నీ చిన్నమ్మ కిటికీ కిందికే. కిటికీ బార్లా తెరిచి పెట్టింది. నేను తుండు ఊపుకుంటూ మా గదిలో కుళవుల్ని అటు తోలేదాన్ని. ఒకటి తిరగబడి నా చెవి మీద కుట్టింది. చెవి ఉబ్బి పూరీ అయింది. చిన్నమ్మ సున్నం రాస్తూ, "గమ్మునుండు పాపా, ఏడిస్తే మీ అవ్వ వస్తాది" అని తనే కళ్ళు తుడుచుకుంది.

చివరికి ఒక కుళవి వచ్చింది... నోట మట్టి ఉండ కరుచుకుని. మంచం పైన గోడకు అద్దడం మొదలుపెట్టింది. అద్దేటప్పుడు అది సన్నగా జుయ్యిమంటుంది, విన్నారా ఎప్పుడైనా? చిన్నమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. "పాడతా ఉండాది పాపా" అంది.

అవ్వ ఆ గూడు చూసి చెంపలు వేసుకుంది. దాని పక్కన గోడకు కుంకుమ పెట్టింది. "ఈ గూడుండగా ఇంట్లో ఇంకో పెళ్ళి మాట ఎవురూ ఎత్తకూడదు" అని చిన్నాయనకు కూడా వినిపించేలా చెప్పింది.

ఆడి మాసం పోయింది. చిన్నమ్మకు నెల తప్పలేదు. ఒక పొద్దున చూస్తే గూటికి చిల్లి... లోపల ఖాళీ.

"దాని బిడ్డ ఎగిరిపాయె. నీ బిడ్డ ఏదే?" అంది అవ్వ.

ఎన్నడూ ఎదురు మాట్లాడని చిన్నమ్మ నెమ్మదిగా అంది... "గూడు ఇంకా ఉండాది గదత్తా. గూడుండగా ఆ మాట ఎత్తకూడదంటివే."

అవ్వ తను పెట్టిన కుంకుమ వైపు చూసి, కొంగు దులుపుకుని బయటికి నడిచింది. నేను మంచం కింద నోట్లో గుడ్డ కుక్కుకున్నాను, నవ్వు బయటికి రాకుండా.

ఆ తర్వాత ఏటా అంతే. బురద, తెరిచిన కిటికీ, కొత్త గూడు. సున్నం కొట్టేటప్పుడు ఆ గూళ్ళను తప్పించి చుట్టూ కొట్టేవాళ్ళు. అవ్వ తన మాటకు తానే కట్టుబడి, కన్ను మూసేదాకా ఇంకో పిల్ల ఊసెత్తలేదు.

బిడ్డ మాత్రం పుట్టలేదు. ఒకసారి నాకు జడ వేస్తూ చిన్నమ్మ ఆ చిల్లుల గోడను చూసింది... "ఎంత మందిని పెంచి పంపినానో పాపా. ఒక్కటీ తిరిగి చూడలే."

ఇప్పుడు చిన్నమ్మా లేదు, ఆ గోడా లేదు. నా భర్త పోయాక నేను మళ్ళీ ఇక్కడికే వచ్చాను. నాకూ పిల్లల్లేరు. ఇల్లు సిమెంటు, వాకిలి సిమెంటు, వీధి సిమెంటు... కుళవికి చిటికెడు తడి మట్టి లేదు. అందుకని ఒక పాత బేసిన్లో మట్టి పోసి, రోజూ తడిపి, వంటింటి కిటికీ కింద పెడుతున్నాను.

పక్కింటి పిల్ల చూసి, "ఏం పెద్దమ్మా, ఈ వయసులో బిడ్డ కావాల్నా నీకు?" అంది.

"బిడ్డ ఎందుకే... చెప్పిన మాట వినే మొగుడన్నా దొరుకుతాడేమోనని" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వు గేటు దాకా వినిపించింది. తర్వాత మళ్ళీ ఏ చప్పుడూ లేదు.

నాకు కావలసింది ఆ జుయ్యిమనే పాట... నా ఇంట్లో ఇంకొకరు ఏదో పని చేసుకుంటున్నారన్న సడి. అంతే.

మొన్న ఒకటి వచ్చింది. వంటింటి గోడకున్న టైల్స్ మీద కాళ్ళు జారాయి. రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

మీ ఇళ్ళల్లో ఎక్కడ కట్టేది కుళవి? దేవుడి పటం వెనకా, తలుపు మూలనా? అప్పుడు దాన్ని కొట్టనివ్వనిది ఎవరు? ఊరికే చూసి పోకుండా రాయండి... చదువుతూ కూర్చుంటాను. కిటికీ ఎలాగూ తెరిచే ఉంది.