పాత ఫైళ్లు తీసేయమన్నాను

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఆషాఢమాసంలో నన్ను హైదరాబాదు కంప్యూటర్ సెంటర్ నుంచి నల్లగొండకు బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ ఆఫీసర్, పని డేటాబేస్ నిర్వహణ. జిల్లాలోని చిన్నాపెద్దా సహకార సంఘాల సర్వర్లు నా బాధ్యత. నీకేం, ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం అని మా బావమరిది ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. ఆ ఏడు నేను బస్సుల్లో కూర్చున్నంతసేపు ఏ గదిలోనూ కూర్చోలేదు.

ఆలేరు దగ్గర ఒక ఊళ్లోని చేనేత సంఘం కూడా నా జాబితాలో ఉండేది. రెండు గదుల ఆఫీసు, ఒకే కంప్యూటరు. సర్వరన్నా అదే, ఆపరేటరు పనిచేసేదన్నా దానిమీదే. ఆపరేటరు రేణుక. ముప్పై అయిదేళ్లుంటాయి, నేత కుటుంబం. ఆమె చేసే పనుల్లో ముఖ్యమైనది డిజైన్ల పట్టిక. అక్కడి చీరలకు నేయకముందే నూలు మీద రంగు వేస్తారు. ముడి కట్టిన చోట రంగు ఎక్కదు. ఏ పోగు దగ్గర ముడి మొదలుపెట్టాలి, ఎన్ని పోగులు కట్టాలి, ఏ రంగులో ముంచాలి అన్నదే డిజైను.

ఆ ఊళ్లో ఈ విద్యకు పెద్ద దిక్కు చంద్రయ్య. డెబ్బై దాటాయి, చూపు దాదాపు పోయింది. ఆయన గీసిన గళ్ల కాగితాలు చెదలు తినేశాయి. మిగిలిందల్లా ఆయన తలలో ఉన్నదే. ఎండాకాలం నుంచి శ్రావణం దాకా వారానికి రెండు రోజులు వచ్చి, వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూ చెబుతుంటే రేణుక ఎక్కించేది. అట్లా పదకొండు డిజైన్లు చేరాయి. వాటిలో కొన్ని ఆయన తాతలనాటివి. కంప్యూటరులోనిదానికి మరోచోట కాపీ తీసిపెట్టడం మాత్రం ఎండాకాలానికి ముందే ఆగిపోయింది. వచ్చాక గుర్తుచేయవలసినవాణ్ని నేను, చేయలేదు.

దసరాకు వారం ముందు రేణుక ఫోను చేసి డిస్కు నిండిపోయిందని చెప్పింది. నేను బస్సులో నిలబడి ఉన్నాను. ఎట్లాగూ పండుగకు శుభ్రం చేస్తారు కదా, పాత ఫైళ్లు తీసేయమ్మా అన్నాను. నా ఉద్దేశంలో పాత ఫైళ్లంటే ఎవరెవరో పంపిన ఫొటోలు, ముద్రించి వదిలేసిన జాబితాలు. ఆ మాట పైకి అనలేదు.

దసరాకు అక్కడ మగ్గాన్ని, నూలు చుట్టే ఆసును, కత్తెరను కడిగి తుడిచి పూజకు పెడతారు. సంఘం ఆఫీసులో కంప్యూటరుకు కూడా పసుపు కుంకుమ పెడతారు. పండుగకు నాలుగు రోజుల ముందు రేణుక, ఎట్లా ఆపాలో నేను అంతకుముందు రాసిచ్చిన కాగితం చూసి డేటాబేస్‌ను పద్ధతిగా ఆపింది. దుమ్ము దులిపింది. ఆ తర్వాత లోపలి శుభ్రానికి దిగింది. ఎక్కువ జాగా తింటున్న ఫోల్డరు ఏదో వెతికింది. అది డేటాబేస్‌దే.

ఇక్కడ కాస్త వివరించాలి. తెర మీద మనకు "డిజైన్లు" అని పేరున్న పట్టిక కనిపిస్తుంది. డిస్కు మీద ఆ పేరు ఎక్కడా ఉండదు. ఒక పెద్ద ఫోల్డరు, అందులో ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో ఫోల్డరు, దాని పేరు ఒక అంకె. లోపల ఒక్కో పట్టికకు ఒక్కో ఫైలు, దాని పేరూ అంకే. ఏ అంకె ఏ పట్టికదో చెప్పే సూచిక వేరే ఉంటుంది. ఆ సూచిక కూడా అదే ఫోల్డరులో, అంకెల పేర్లతోనే ఉంటుంది. సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే రెండు మూడు నమూనా డేటాబేస్‌ల ఫోల్డర్లు పక్కనే ఉంటాయి. వాటి సూచిక ఫైళ్లకూ మన సూచిక ఫైళ్లకూ అంకెలు ఒకటే. ఊరికొక యాదగిరి ఉన్నట్టు. ఏ ఊరో తెలిస్తే తప్ప ఏ యాదగిరో తెలియదు.

నెల రోజులుగా మారని ఫైళ్లన్నీ, ఏ ఫోల్డరులో ఉన్నా సరే, రేణుక ఒక పెన్‌డ్రైవ్‌లోకి తరలించి "పాతవి" అని పేరు పెట్టింది. ఈ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని కంప్యూటరు అడిగినప్పుడల్లా, రెండూ ఒకటే కాబోలనుకుని సరే అంది. మర్నాడు డేటాబేస్ తెరుచుకోలేదు.

నేను పొద్దటి బస్సుకు వెళ్లాను. రేణుక తన కుర్చీలో కూర్చోకుండా గోడ దగ్గర నిలబడి ఉంది. సంఘం అధ్యక్షుడు మర్యాదగానే చెప్పాడు. పండుగ కాగానే ఆమెను తీసేస్తారట. తప్పు ఎవరిదో రాసి నేను నివేదిక ఇవ్వాలట. ముందు చూడనివ్వండి అన్నాను. ఫోను సంగతి చెప్పలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

రేణుక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. "తీసెయ్యమన్నరు గని, పారెయ్య బుద్ధి గాలేదు సార్. మా ఇంట్ల తెగిన పోగు గూడ దాస్తరు."

ఆ అలవాటే మమ్మల్ని బతికించింది. పట్టికల ఫైళ్లున్నాయి. సూచిక మాత్రం నమూనా డేటాబేస్‌ల సూచికతో కలిసి పాడైపోయింది. అంటే సరుకంతా ఉంది, చీటీలు ఊడిపోయాయి. నా దగ్గరున్న మరో యంత్రంలో అదే తరహా ఖాళీ పట్టిక తయారుచేసి, దాని ఫైలు తీసేసి, ఆ చోట పెన్‌డ్రైవ్‌లోని ఫైలు పెట్టి చూడాలి. ఏ ఫైలన్నది తెలియదు కనుక, ఒక్కొక్కటి తెరిచి రంగుల పేర్లు కనిపిస్తాయేమోనని వెతికాను. రెండు ఫైళ్లలో కనిపించాయి.

మొదటిది పెట్టి చూస్తే పట్టికలో ఒక్క వరుసా లేదు. కాసేపటికి తట్టింది. డేటాబేస్ ప్రతి మార్పుకూ ఒక వరుస సంఖ్య వేస్తుంది. కొత్త యంత్రం లెక్క ఇంకా మొదట్లోనే ఉంది. తన లెక్కను దాటిన సంఖ్యతో ఉన్న వరుసలను అది ఇంకా జరగనివిగా భావించి చూపించదు. అందుకని లెక్కను ముందుకు జరిపాను. వరుసలన్నీ కనిపించాయి. రెండో ఫైలు కూడా అట్లాగే తెరుచుకుంది.

రెండింటిలో ఏది అసలుది? వానాకాలంలో తప్పులు దిద్దేముందు భద్రంగా ఉంటుందని పట్టికకు ఒక నకలు తీశానని, దిద్దింది అందులోనో ఇందులోనో గుర్తులేదని రేణుక చెప్పింది. తేదీలను నమ్మలేం. సాఫ్ట్‌వేరు అప్పుడప్పుడు లోపలి చెత్త ఊడ్చుకుంటూ తానే ఫైళ్లను కదుపుతుంటుంది. తప్పుదాన్ని అసలుదనుకుంటే నెలల తర్వాత ఎక్కడో మగ్గం మీద చీర చెడిపోయి బయటపడుతుంది.

చంద్రయ్యకు కబురు పెట్టాం. రేణుక భర్త బండి మీద తీసుకొచ్చాడు. ఆయన కుర్చీ వద్దని గడప పక్కన కూర్చున్నాడు. మొదటి పట్టిక నుంచి ఒక డిజైను వరుసగా చదివాను. బొటనవేలు కణుపుల మీద కదులుతూ నాలుగో వరుస దగ్గర ఆగింది.

"గిది నాది గాదు సారు. నేసేటప్పుడు పోగు జరుగుతది. గందుకే అంచు కాడ రెండు పోగులు ఎక్కువ కడ్త నేను."

రెండో పట్టికలో అదే డిజైను చదివాను. అంచు దగ్గర రెండు పోగులు ఎక్కువే ఉన్నాయి. ఆయన ఆపలేదు. అందులోని పదకొండు డిజైన్లూ చదివించుకున్నాడు. మధ్యాహ్నం దాటింది. ఎవరూ అన్నానికి లేవలేదు. చివరి వరుస దాకా ఆయన వేలు ఎక్కడా ఆగలేదు. అది అయ్యాక ఆయన లేస్తూ, అధ్యక్షుడున్న వైపు తిరిగి అన్నాడు.

"గా పొల్లను తీసేస్తరంట గద. మల్ల నా ముడులు ఎవలకు చెప్పాలె?"

అధ్యక్షుడు నావైపు చూశాడు, నివేదిక నాది కనుక. అక్కడే కూర్చుని రాశాను. మొదటి వాక్యం ఇది: "పాత ఫైళ్లు తీసేయమని ఫోనులో ఆదేశించినది నేను. ఏ ఫైళ్లో చెప్పలేదు." రేణుకను తీసేయలేదు. నాకు మా పై కార్యాలయం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది, జవాబిచ్చాను. ఆ రోజు నేను వెళ్లేముందు, పట్టికలను సంఘం కంప్యూటరులో తిరిగి నిలబెట్టి, ఏ అంకె ఏ పట్టికదో జాబితా తీసి కంప్యూటరు పక్క గోడకు అంటించాం. అంకెలు మారినప్పుడల్లా రేణుక దాన్ని దిద్దేది. ప్రతి శుక్రవారం కాపీ తీసి నాకు ఫోను చేసేది.

డిస్కు మీద పాతది, కొత్తది అని ఉండవు. ఏళ్లతరబడి ఎవరూ ముట్టని ఫైలే అన్నిటికీ ఆధారం కావచ్చు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేను, తెలియని మనిషికి అరముక్క ఆదేశమిచ్చాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరికీ ఏదీ తీసేయమని నోటిమాటగా చెప్పలేదు. ఏది తీయాలో దాని పూర్తి పేరు, దారి కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. తీసేసే చెయ్యి ఎవరిదైనా, పోయినదానికి సంతకం తీసేయమన్నవాడిదే.