సీట్లో కూర్చున్న సీసా

పోయిన పెత్రమాస నాడు, అదే పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, ఎల్బీనగర్‌లో బస్సెక్కితే ఒక్క సీటే ఖాళీగా కనిపించింది. తీరా చూస్తే అందులో కవరు చుట్టిన సీసా కూర్చుని ఉంది. పక్కనున్న పిల్ల దాన్ని చంటిబిడ్డలా పట్టుకుంది.

"మందు సీసా కూసుంటే నేను నిలబడాల్నా?" అన్నాను.

ఆ పిల్ల గబుక్కున సీసాను ఒళ్లోకి తీసుకుంది. పెద్ద హోటల్లో ఏ వైనుకు ఏ తిండి సరిపోతుందో చెప్పే కొలువట తనది.

"ఎక్కడో ఎత్తు మీదున్న ఎడారిల పండిన ద్రాక్ష పెద్దమ్మా. ఎర్ర వైను. నిప్పుల మీద కాల్చిన మేకమాంసంతోని మస్తుంటది" అంది.

నాకు ఒళ్లు మండింది.

"మా ఆయనకు అన్నిటితోని మస్తుండేది. ముందు సీసా, ఎనుక మాంసం, ఆ ఎనుక నా వీపు. తాగి తాగే సచ్చిండు. ఇయ్యాల పోయినోళ్లకు ఇష్టమైంది పెట్టాలె కదా, గా సీసానే తెచ్చి ఫొటో ముందట పెట్టుమన్నడు మా మరిది. గందుకే దిల్‌సుఖ్‌నగర్ల మందు దుకాణానికి పోతున్న."

బస్సంతా వింది. ఆ పిల్ల మాత్రం తల తిప్పుకోలేదు.

"ఇష్టం ఆయనది. పెట్టే చెయ్యి నీది కదా పెద్దమ్మా" అంది మెల్లగా.

నీకేం తెలుసని కసిరి దిగిపోయాను. మందు దుకాణం దాకా వెళ్లి, ఆ కోపంతోనే వెనక్కి తిరిగాను. ఇంట్లో ఫొటో ముందు అన్నం, మేకకూర, చెంబెడు నీళ్లు పెట్టాను.

"సీసా ఏది వదినా?" అన్నాడు మరిది.

"మేకకూరతోని నీళ్లు మస్తుంటయ్. తినుమను మీ అన్నను" అన్నాను.