వంటల పేజీ వెనకవైపు

ఏడేళ్లుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. వారపత్రికలోంచి కోసిన ఒకే ఒక్క పేజీ. ఇల్లు మారినప్పుడు బీరువా కన్నా ముందు దాన్ని సర్దుకున్నాను, ఎవరి కంటా పడకుండా. అది నాది కాదు. దొంగిలించాను. దొంగిలించడం వరకైతే ఏనాడో నవ్వుతూ చెప్పేసి ఉండేవాణ్ణి. ఆ తర్వాత నేనన్న ఒక మాట ఉంది. దాన్ని నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు నా ముఖం తెలియదు, పేరు నేను చెప్పను. అందుకే మీతో చెప్పడం వీలవుతోంది.

మదనపల్లెలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను. నాకు తెలిసిన మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. ముప్పై ఏళ్లుగా మధ్యాహ్నం షాపు మూసి అక్కడికే వెళ్తాను. చరిత్ర చదివాను, గ్రహాల గురించి చదివాను, విజ్ఞాన సర్వస్వాలు వరసబెట్టి చదివాను. బంగాళదుంప మన దేశానికి ఓడలమీద వచ్చిందని మా వీధిలో మొదట చెప్పింది నేనే. రీడింగ్ రూములో అందరూ నన్ను మేష్టరూ అంటారు. నేను మేష్టర్ని కాదని ఎవరికీ చెప్పలేదు. ఆ పిలుపు నాకు ఇష్టం. ఈ కథలో తప్పంతా ఆ ఇష్టంలోనే మొదలైందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. లేక తప్పును పిలుపు మీదికి తోసి నేను పక్కకు జరుగుతున్నానా? ఏమో.

నా పక్క కుర్చీలో రెడ్డెప్ప కూర్చునేవాడు. నిమ్మనపల్లె వైపు మనిషి. టమోటా మార్కెట్లో హమాలీ. యాభై దాటాక మనవరాలి వాచకం పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాడు. మార్కెట్టు పని అయ్యాక కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఎంత కడిగినా టమోటా ఆకు వాసన పోయేది కాదు. అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవాడు. వారపత్రికలో పిల్లల పేజీ ఒక్కటే ఆయనకు వీలయ్యేది, అక్షరాలు పెద్దవి కాబట్టి. రోజుకు ఒక పేరా. కష్టమైన ఒత్తు వస్తే నా వైపు చూసేవాడు. నేను చెప్పేవాణ్ణి. గొంతు కాస్త పెంచి చెప్పేవాణ్ణి, పక్కవాళ్లకు వినబడేలా.

ఆ వారం ఆయన చదువుతున్న కథ ఒక ముసలమ్మది. ఆమె మేక తప్పిపోతుంది. వెతుక్కుంటూ పక్క ఊరికి పోతే ఒకాయన పిలిచి అన్నం పెడతాడు. తింటుండగా ఆ ఇంటి వెనక మూసి ఉన్న కొట్టంలోంచి మేక మెడలో గంట వినిపిస్తుంది. ఊరంతా పోగై ఇంటాయన్ను దొంగ అంటారు. రెడ్డెప్ప అక్కడిదాకా వచ్చాడు. మిగతాది పేజీ తిప్పితే ఉంది. టైము అయిపోయింది, రేపు చదువుకుంటానన్నాడు. లేస్తూ నాతో అన్నాడు: "ఆయప్ప దొంగ కాదనా. అన్నం పెట్టినోడు మేకనెట్ట దొంగిలిస్తాడు? నువ్వు సూడు కావాలంటే."

నేను పత్రిక తీసుకుని పేజీ తిప్పాను. ఆ పక్కన సగం పైన వంటకం, సగం కింద మిగిలిన కథ. నేను కథ చూడలేదు. నా కళ్లు పైనే ఆగిపోయాయి. 'రెస్టారెంట్ రుచితో చీజ్, బేకన్ ఫ్రైస్ ఇంట్లోనే.' రంగుల బొమ్మ. దుంప ముక్కల మీద పసుప్పచ్చగా చీజ్ జారుతోంది.

అది నాకెందుకంటే, మా అమ్మాయి అప్పుడు కుప్పంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. స్నేహితురాళ్లతో రైల్లో బెంగళూరు వెళ్లి ఎక్కడో ఈ ఫ్రైస్ తిన్నదట. ఫోన్లో వారం రోజులు అదే మాట. ఆదివారం వస్తున్నావు కదా, ఇంట్లో నేనే చేసి పెడతానన్నాను. "నీకెట్ట తెలుస్తాది నాన్నా? యూట్యూబ్‌లో చూడు," అంది. నాకు రోషం వచ్చింది. పుస్తకాల్లో దొరకనిది ఉండదమ్మా అన్నాను. అన్నాక నాలుగు రోజులు వెతికాను. దొరకలేదు. ఐదో రోజు ఇదిగో, కళ్లముందు.

రాసుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ ఏడేళ్లుగా నన్ను అదే అడుగుతున్నాను. చేతిలో పెన్ను ఉంది, నోటు పుస్తకం ఉంది. కానీ ఎదురుగా పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు కూర్చున్నారు. అంతకు ముందే వాళ్లకు చంద్రగ్రహణం ఎలా పడుతుందో చెప్పి ఉన్నాను. వాళ్ల ముందు మేష్టరు వంటల పేజీ కాపీ చేసుకోవడమా? అంతే. అంత చిన్న సిగ్గు. నాది అప్పుడు బటన్ల ఫోను, ఫోటో తీసే వీలు లేదు. ఇంకొకరిని తీసిపెట్టమని అడగడానికీ అదే సిగ్గు. చొక్కా జేబులో సగం బ్లేడు ఉంది. రాగి తీగ కొసన వార్నిష్ గీకడానికి ఎప్పుడూ పెట్టుకుంటాను. కుర్రాళ్లు టీకి లేచారు. పేజీని కుట్టు పక్కనుంచి కోశాను. చప్పుడు కూడా కాలేదు.

మరుసటి రోజు రెడ్డెప్ప చేతులు కడుక్కుని వచ్చాడు. పత్రిక తీశాడు, తిప్పాడు, మళ్లీ తిప్పాడు. పేజీలు అంటుకున్నాయేమో అని గోటితో విడదీసి చూశాడు. తర్వాత దాన్ని తీసుకుని తనే లైబ్రేరియన్ సారు దగ్గరికి పోయాడు.

"సార్, కత ఉండే కాగితమే ల్యా సార్."

సారు పత్రిక తిప్పి చూశాడు. కోసిన అంచును వేలితో తడిమాడు. ఆ నెలలో అలా పోయిన మూడో పేజీ అది. మిగతా రెండూ ఎవరు కోశారో నాకు తెలియదు, నేను కాదు. ఈ మాట మీరు నమ్మాలని నాకెందుకో ఉంది.

"ఏం రెడ్డెప్పా, కోసింది నువ్వే, చెప్పేదీ నువ్వేనా? నిన్న సాయంత్రం దాకా నీ చేతిలోనే ఉండె కదా."

"నేను యాల కోస్తా సార్? సదువుకోవాల్నంటే ఈడనే సదువుకుంటా గదా."

"జేబులో ఏముండాదో తియ్యి."

తీశాడు. బీడీ కట్ట, చిల్లర, టమోటా బాక్సుల తాళ్లు కోసే చిన్న కత్తి. సారు ఆ కత్తిని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. నా జేబులో బ్లేడు గుండెకు ఆనుకునే ఉంది. నన్ను తియ్యమని ఆయన అడగలేదు. మేష్టర్ని ఎవరడుగుతారు?

"మేష్టరూ, మీరు పక్కనే ఉంటిరి. చూసినారా?"

నాకు తెలియదు సార్ అని ఉండొచ్చు. అలా అన్నా అబద్ధమే అయ్యేది, కానీ రెడ్డెప్ప మీద పడని అబద్ధం. అదీ అనలేదు. నేనన్న మాట ఇది:

"కోసేది నేను చూడలేదు సార్. కానీ కడాకు ఆయన చేతిలోనే ఉన్నట్టుండె."

'ఉన్నట్టుండె'. చదువుకున్న మనిషి జాగ్రత్తగా ఎంచుకున్న మాట. పూర్తిగా చెప్పకుండా, పని మాత్రం పూర్తి చేసే మాట. ఆ నేర్పు నాకు ఆ గదిలోని పుస్తకాలే ఇచ్చాయి.

రెడ్డెప్ప నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. ఒత్తు తెలియనప్పుడు ఎట్లా చూసేవాడో అట్లాగే చూశాడు, నేను చెబుతానని. "అనా, నేను ఇచ్చేసి పోతి గదనా నీకు," అన్నాడు. నేను ఎదురుగా ఉన్న పుస్తకంలోకి చూశాను. సారు రేపటినుంచి రావద్దన్నాడు. రెడ్డెప్ప కత్తి జేబులో పెట్టుకున్నాడు, కుర్చీ లోపలికి జరిపాడు, వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ కుర్చీ లోపలికి జరిపే లేచేవాడు. మేమెవరం జరిపేవాళ్లం కాదు.

అప్పుడైనా వెంట పోయి పిలవొచ్చు. గుమ్మం పది అడుగులు. కూర్చునే ఉన్నాను. ఒక పేజీ చదివాను కూడా. ఏం చదివానో గుర్తు లేదు.

ఆదివారం వచ్చింది. బేకన్ అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం అని లైబ్రరీ నిఘంటువులో ముందే చూసి పెట్టుకున్నాను. కుప్పంలో ఉండే మా బామ్మర్ది రోజూ రైల్లో బెంగళూరు పనికి పోయివస్తాడు. అతను కొని అమ్మాయి చేతికిచ్చాడు. అమ్మాయి దాన్ని ఐసు పెట్టిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పుంగనూరు మీదుగా బస్సులో తెచ్చింది. మా ఆవిడ పొట్లం చూసి, "ఇదో సూడు, నా బాండ్లిలో పంది ఏగిందంటే ఆ బాండ్లి నువ్వే ఉంచుకో, దాంతోనే కాపురం చెయ్యి," అంది. కొత్త పెనం కొన్నాను.

ఆ పేజీని వంటగట్టు మీద పరిచి అందులో ఉన్నట్టే చేశాను. కొత్త దుంపలు కాకుండా పాతవి తీసుకున్నాను, వాటిలో నీరు తక్కువ. వేలంత పొడుగు ముక్కలు కోసి చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టాను. పిండి వదిలి నీళ్లు తెల్లబడతాయి. గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టాను. ఫ్రైస్‌ను రెండుసార్లు వేయించాలి. మొదట సన్న మంట మీద, రంగు రాకుండా, లోపల ఉడికేదాకా. తీసి పూర్తిగా చల్లారనివ్వాలి. తర్వాత మంట పెంచి మళ్లీ. హోటల్లో కరకరలాడే రహస్యం ఆ మధ్యలో చల్లారడమే.

ఆ చల్లారే సమయంలోనే నాకు చేతిలో పని లేకపోయింది. పేజీ కింది సగం చదివాను.

నాలుగే పేరాలు. చదవడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. రెడ్డెప్పకైతే నాలుగు రోజులు. చదివి పేజీని మడిచాను, కింది సగం లోపలికి పోయేలా. ముక్కలు చల్లారాయి. మళ్లీ నూనెలో వేశాను.

బేకన్ దాని కొవ్వులోనే వేగి ముడుచుకుంది, చిదిమి పెట్టాను. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, చిక్కబడ్డాక మంట తీసేసి చీజ్ తురుము కలిపాను. మంట మీద కలిపితే ఉండ కడుతుంది, అదీ ఆ పేజీయే చెప్పింది. ఫ్రైస్ మీద పోసి, బేకన్ చల్లి, ఉల్లికాడలు తరిగి వేశాను. నిజం చెప్పాలంటే బాగా వచ్చాయి. అమ్మాయి తిని, "హోటల్లో మాదిరే ఉండాయి నాన్నా," అంది. ఎదురింటివాళ్లకు గిన్నెలో పెట్టి ఇస్తూ, మా నాన్న లైబ్రరీలో చదివి చేసినాడని చెప్పింది. మా ఆవిడ కూడా బేకన్ లేని వైపు నుంచి నాలుగు తీసుకుంది. నేనూ తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే మీకు నా మీద జాలి కలుగుతుంది. కానీ దిగింది. రెండోసారి పెట్టుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఒక మోటారు పని మీద పుంగనూరు వెళ్లాను. బస్టాండు పక్కన అల్లుడు పెట్టిన టీ అంగడిలో రెడ్డెప్ప గ్లాసులు కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చాడు. టీ ఇచ్చాడు. బజ్జీలు కట్టే పాత పేపర్లు పక్కన దొంతరగా ఉన్నాయి. పైనున్నదానిమీద పెన్నుతో గీతలు ఉన్నాయి, ఎక్కడిదాకా చదివాడో గుర్తుగా.

"ఇప్పుడు యాడికీ పోయే పన్లేదనా. పేపరే నా కాడికొస్తాది," అని నవ్వాడు. తర్వాత అడిగాడు: "ఆ మేక కత కడాకు ఏమాయనో నీకేమన్నా తెలిసెనా? నన్ను దొంగను జేసినారు, సరే. కతన్నా ఇచ్చింటే బాగుండు."

"తెలీదప్పా," అన్నాను.

మొదటి అబద్ధానికి భయం ఉంది, పరువు ఉంది, ఎదురుగా సారు ఉన్నాడు. దీనికి ఏముంది? అక్కడ ఎవరూ లేరు. ఆయన నన్ను అనుమానించను కూడా లేదు. లేక అన్నీ తెలిసే అడిగాడా? ఆ నవ్వును ఎన్నిసార్లు తలచుకున్నా తేల్చుకోలేకపోయాను. టీకి డబ్బులిస్తే వద్దన్నాడు. తాగి వచ్చేశాను.

పుంగనూరు ఇక్కడికి గంట ప్రయాణం. ఐదేళ్లుగా నేను ఆ వైపు పనులు ఒప్పుకోవడం లేదు. రేపు వెళ్లి చెప్తానని మీకు మాట ఇవ్వను. ఇచ్చి తప్పితే ఇంకో అబద్ధం. లైబ్రరీకి ఇప్పటికీ వెళ్తున్నాను, మేష్టరూ అంటే ఇప్పటికీ తలెత్తుతున్నాను. మారిందేమీ లేదు. ఇది రాశానంతే.

పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. వంటకం ఉన్న సగం నూనె పీల్చి అక్షరాలు చెదిరాయి. కింది సగం బాగానే ఉంది. కథ ఇలా అయిపోతుంది. ముసలమ్మ కొట్టం తలుపు తీయిస్తుంది. మేక లోపల గడ్డి నములుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. గడ్డి వాసనకు అదే లోపలికి పోయింది, గాలికి తలుపు పడింది, ఇంటాయనకు అది అక్కడుందని కూడా తెలియదు. ఊరివాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోతారు. ముసలమ్మ మాత్రం మేకను గుంజకు కట్టేసి, లోపలికి వెళ్లి, సగంలో వదిలేసిన అన్నం తినడానికి కూర్చుంటుంది.

రెడ్డెప్ప చెప్పిందే సరి. ఆయప్ప దొంగ కాదు.