ఆరేళ్ల తమ్ముడి మీద గీసిన ఎర్ర గీత

వికారాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో సావిత్రమ్మ ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది. పిల్లల కాపీల్లో చిన్న తప్పు కూడా ఆమె కంటపడకుండా పోదని అందరూ అనేవాళ్లు. ఆ మాట ఆమెకూ ఇష్టంగానే ఉండేది.

పన్నెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో తరన్నుమ్ అనే అమ్మాయి ఉండేది. మోమిన్‌పేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. జిల్లా వ్యాసాల పోటీకి తన తమ్ముడి గురించి రాసింది. మొదటి వాక్యంలోనే ‘సిక్స్ ఇయర్ ఓల్డ్ బ్రదర్’ అని ఉంది. సావిత్రమ్మ ఎర్ర పెన్నుతో ‘ఇయర్’ కొట్టేసి ‘ఇయర్స్’ అని దిద్దింది.

తరన్నుమ్ లేచి నిలబడి, మెల్లగా అంది. "టీచర్, నేను చదివిన కథల పుస్తకంల ఇయర్ అనే ఉన్నది."

"ఆరేండ్లు అంటే ఒకటా? నాకే చెప్తున్నవా?" అంది సావిత్రమ్మ.

క్లాసంతా నవ్వింది. పోటీకి వేరే పిల్ల వ్యాసం వెళ్లింది. ఆ తర్వాత తరన్నుమ్ ఆమె క్లాసులో చెయ్యి ఎత్తలేదు. పదో తరగతి పాసై వెళ్లిపోయింది.

కిందటి ఏడు దీక్షిత అనే కొత్త టీచరు బడిలో చేరింది. ఒకరోజు ఆమె పాఠం వరండాలోకి వినిపించింది. ‘అతనికి ఆరేళ్లు’ అని విడిగా చెబితే ‘సిక్స్ ఇయర్స్ ఓల్డ్’. అదే ‘ఆరేళ్ల పిల్లాడు’ అన్నప్పుడు మూడు మాటల మధ్య చిన్న గీతలు పెట్టి ఒక్కటిగా కలిపేయాలి, అప్పుడు ‘ఇయర్’ చివర ఎస్ రాదు, అని చెబుతోంది. సావిత్రమ్మ అక్కడే ఆగిపోయింది. ఇంటికెళ్లి రెండు పుస్తకాలు తిరగేసింది. రెండూ దీక్షిత మాటే చెప్పాయి.

ఇన్నేళ్లలో ఎంతమంది కాపీల్లో ఒప్పును తప్పు చేసిందో లెక్క తెలియదు. ముఖం మాత్రం ఒక్కటే గుర్తొచ్చింది.

తరన్నుమ్ తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తోందని పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. రెండో శనివారం సావిత్రమ్మ రైలెక్కి వెళ్లింది. తరన్నుమ్ గుర్తుపట్టి, కుర్చీ మీద తెల్లటి దుమ్ము తుడిచి కూర్చోబెట్టింది. చాయ్ తెప్పించింది.

"బిడ్డా, ఆ దినం నువ్వు ‘ఇయర్’ అని రాసిందే కరెక్టు. తప్పు నాది."

తరన్నుమ్ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు యాదికున్నది టీచర్. గప్పటి నుంచి ఇంగ్లీషుల ఒక్క లైను రాసినా నాకు నమ్మకముండది. బండలు కొనే పెద్ద పార్టీలకు మెయిల్స్ రాసే పని ఇస్తమన్నరు. వద్దన్న. మా ఆఫీసుల పనిజేసే సాకిబ్ రాస్తడు, నేను లారీలు చూసుకుంట."

ఇప్పుడైనా నేర్చుకో, ఆదివారాలు నేనొస్తా అంది సావిత్రమ్మ. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని, తీరిక ఉండదని తరన్నుమ్ మర్యాదగానే చెప్పింది. మళ్లీ తనే అంది.

"మీరు ఇంత దూరమొచ్చి చెప్పిండ్రు, సంతోషం. కని గప్పుడు అందరి ముంగట చెప్తే బాగుండె టీచర్."

బయట లారీ హారన్ కొట్టింది. తరన్నుమ్ రిజిస్టరు తీసుకుని, ఇప్పుడే వస్తానని వెళ్లింది. లారీలోకి బండలు ఎక్కించడానికి చాలాసేపు పట్టేలా ఉంది. సావిత్రమ్మ కాసేపు చూసి, గుమ్మంలో ఉన్న మనిషికి వెళ్తున్నానని చెప్పి, స్టేషన్‌కు ఆటో ఎక్కింది.