తెల్లబడిన రాయి

దీవి పట్నంలోని షాదీపూర్‌లో మేం కాపురం పెట్టిన కొన్నేళ్ళకు మా ఆయన ఓడలో పనిచేసే స్నేహితుడి దగ్గర ఒక పాత కెమెరా కొన్నాడు. తను నాలుగు బొమ్మలు తీసి విసుగెత్తి నాకిచ్చేశాడు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. హాడో వార్ఫులో ఓడల పని ముగించుకుని ఇంటికొచ్చాక మా నాన్న పాత కేలండర్ల వెనక దిద్దించిన అక్షరాలే నా చదువు. కెమెరా కూడా అలాగే ఇంట్లోనే నేర్చుకున్నాను. ఫిల్ము వృథా చేయకూడదు కాబట్టి నొక్కే ముందు చాలాసేపు చూసేదాన్ని. ఆ చూడడం నాకు పూజలో కూర్చున్నట్టే ఉండేది. ఇంత చూపించినందుకు స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుని అప్పుడు నొక్కేదాన్ని.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఊరి బయట సముద్రపు ఒడ్డున ఉన్న మా తెలుగు జాలర్ల పల్లెలో ఉండేది. ఆమె భర్తది సొంత పడవ. ఆయన్ని నేను అన్నయ్య అని పిలిచేదాన్ని. అమావాస్య ఆటుకి అక్కడ నీళ్ళు బాగా వెనక్కి పోయి, మోకాలి లోతులో పగడపు దిబ్బ కనిపించేది. మా వాళ్ళు దాన్ని పగడం అనరు, రాయి అంటారు. ఊదా రంగు, ఆవపిండి రంగు, లేత ఆకుపచ్చ. దాని సందుల్లో వేలెడేసి చేపలు వందలుగా తిరిగేవి. నా ఫిల్ములో సగం అక్కడే ఖర్చయ్యేది.

ఒక ఎండాకాలం వెళ్ళేసరికి ఆ దిబ్బంతా తెల్లగా ఉంది. కాళ్ళకు తగిలిన నీళ్ళు పసిబిడ్డ స్నానానికి కాచినట్టున్నాయి. పైన నీలం, కింద ఆ తెలుపు, ఎండ పడి మెరుస్తూ. అంత అందమైన బొమ్మ నేనెప్పుడూ తీయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జెట్టీలో, సముద్రం మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి కలిస్తే ఆ తెలుపు సంగతి అడిగాను. ఆమె ముఖం వాడిపోయింది.

"దీదీ, పానీ బహుత్ గరమ్ హో గయా, నీళ్ళు మరీ వేడెక్కిపోయాయి. అది రాయి కాదు, ప్రాణి. వేడికి ఒంట్లో రంగు వదిలేస్తుంది. ఇంకా చావలేదు. నీళ్ళు చల్లబడితే కొంత బతకొచ్చు, దాన్ని ఎవరూ కదపకపోతే."

కదపకపోవడం ఎలా? పోటు మీద పడవలు ఒడ్డుకి దగ్గరగా వచ్చి ఆ దిబ్బ మీదే లంగరు వేస్తాయి. రాళ్ళలో లంగరు గట్టిగా పట్టుకుంటుందని. అందుకే ఆ ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి, వదినకిచ్చాను. పడవ వాళ్ళు కూర్చునే వసారాలో పెట్టమన్నాను. చూస్తే దిబ్బకి జబ్బు చేసిందని వాళ్ళకే తెలుస్తుందనుకున్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి వసారాలో లేదు. లోపల దేవుడి మూలలో, అమ్మవారి పటం పక్కన ఉంది. అద్దానికి పసుపు, కుంకుమ, పైన గన్నేరు పువ్వు.

"ఎంత సల్లగా ఉందే బొమ్మ! సూస్తంటే గంగమ్మ తల్లే నవ్వినట్టుంది. పక్కింటోళ్ళు మాక్కూడా ఒకటి కావాలంతన్నారు," అంది వదిన.

లంగర్లు మాత్రం అక్కడే పడుతున్నాయి.

వానలు పడ్డాయి, నీళ్ళు చల్లబడ్డాయి. ఒక పెద్ద ఆటుకి వెళ్ళి, మునుపు నిలబడ్డ చోటే నిలబడి మళ్ళీ తీశాను. దిబ్బ చాలా మేర నాచు పట్టి గోధుమరంగు బురదలా ఉంది. లంగరు ఈడ్చిన చోట కొమ్మలు విరిగి పడున్నాయి. చేపలు లేవు. ఒక మూల మాత్రం, గొడుగంత మేర, ఊదా రంగు తిరిగొచ్చింది. అది చూసి నీళ్ళలోనే చేతులు జోడించాను. ఈసారి బొమ్మ అందంగా రాలేదు. నాకు అదే కావాలి.

గంగమ్మ పండగ నాడు ఎవరూ వేటకు వెళ్ళరు. అందరూ ఇంట్లోనే ఉంటారని ఆ రోజే తీసుకెళ్ళాను.

వదిన మూతి ముడిచింది. "పండగ పూట ఈ మురుగు బొమ్మేటే? దేవుడి మూల పెడతావేటి?"

"పెట్టను వదినా. ఆ తెల్ల బొమ్మ పక్కన పెట్టి చూపిస్తాను, అంతే. రెండూ ఒకటే చోటు."

"ఒకటే సోటా? ఏక్ దమ్ జూఠ్, ఒట్టి అబద్దం!" అని నవ్వాడు అన్నయ్య.

"మీ లంగరు గీత కూడా పడింది అన్నయ్యా, చూడండి."

ఆయన నవ్వు ఆపి బొమ్మ దగ్గరకు తీసుకున్నాడు. వెనకనున్న పెద్ద బండరాయిని గుర్తుపట్టాడు. లంగరు గీత వెంట వేలు నడిపించాడు. నీళ్ళు వేడెక్కడం, రంగు పోవడం, ఆ అమ్మాయి చెప్పిందంతా నాకు వచ్చినట్టు చెప్పాను. గోడకానుకుని కూర్చున్న అన్నయ్య తల్లి, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, రెండు బొమ్మలనూ ఒళ్ళో పెట్టించుకుంది. ఆమె చిన్న వయసులోనే మొగుణ్ణి సముద్రానికి ఇచ్చుకున్న మనిషి.

"అయితే ఈ తెలుపు దాని రంగు కాదేటి?"

"కాదు పెద్దమ్మా. దాని రంగు పోయింది."

"తల్లికి తెల్లకోక కట్టించి, కుంకం ఎట్టి మొక్కతన్నామన్నమాట," అంది నెమ్మదిగా. ఆమె కట్టుకున్నదీ తెల్లచీరే.

అన్నయ్య అన్నాడు: "నీళ్ళు మేం ఏడెక్కించినామా? మా ఇంజనెంత, సముద్రమెంత?"

ఆ మాట నిజం. ఎక్కడి పొగకో ఇక్కడి సముద్రం కాగుతోంది. "వేడి మన చేతిలో లేదు అన్నయ్యా. లంగరు ఉంది," అన్నాను.

"ఇసకలో ఏస్తే సేపలు అంత దూరం మోసేదెవరు? నువ్వొచ్చి మోత్తావా?" అని లేచింది వదిన.

పండగయ్యాక మొదటి వేట నాడు వెళ్ళాను. అన్నయ్య పడవ దిబ్బని తప్పించి, దూరంగా ఇసక మీద ఆగింది. ఇంకో రెండు పడవలు దాని వెనక చేరాయి. మిగతావి ఎప్పటిలాగే రాళ్ళ మీదే ఆగాయి. వదిన నడుము లోతు నీళ్ళలో గంప నెత్తిన పెట్టుకుని, దారంతా నన్ను తిడుతూ వస్తోంది.

"బొమ్మలు తీత్తాదట బొమ్మలు! దా, పట్టు!"

కెమెరా ఒడ్డున వదిలేసి, చీర ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగాను.