నుసి లేని ఫోటో

జగిత్యాలలో కెమెరా మెడలో వేసుకుని వీధిలోకి వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "ఏ పేపరు మేడం?" ఏ పేపరూ కాదని, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతానని, ఆదివారాలు సరదాకి ఫోటోలు తీసుకుంటానని చెబితే ఎవరూ నమ్మరు. "అందరు గట్లనే అంటరు గని, గీ మోరి ఒకటి దించుండ్రి" అంటూ ఇంటి ముందు మురుగుకాల్వ దగ్గరికి నడిపిస్తారు. నచ్చజెప్పే ఓపిక లేక తీసేస్తాను. నా కంప్యూటర్లో జగిత్యాల మోరీలకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరే ఉంది.

మోరీలనైనా భరించవచ్చు, మనుషులతోనే నా గొడవంతా. మనిషి పనిలో మునిగి ఉన్నప్పుడు తీయాలని నా కోరిక. కెమెరా కనబడగానే పని ఆపేయడం వాళ్ల అలవాటు. ఒకసారి మల్యాల దగ్గర ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీద ఉన్నాడు. నడుముకు మోకు, వెనక మబ్బులు. కింద నుంచి గురి చూస్తుంటే నన్ను గమనించి, "ఆగక్కా, అస్తున్న" అన్నాడు. గబగబా దిగి, తల దువ్వుకుని, చెట్టు పక్కన చేతులు బిగించి నిలబడి, "ఇగ దించు" అన్నాడు. మా వైపు ఫోటో తీయడాన్ని దించడం అంటారు. నేను నిజంగానే మనిషిని చెట్టు మీది నుంచి దించేశాను.

కోరుట్ల అంగడిలో ఇంకో తీరు. చిక్కుడుకాయలు కుప్ప పోస్తున్న ఒకామె నన్ను చూసి కొంగు సర్దుకుని, పక్క దుకాణాల వాళ్లను కూడా పిలిచి వరుసగా నిలబెట్టింది. మీ పని మీరు చేసుకోండమ్మా అని బతిమాలాను. "పని చేస్కుంట ఎవలన్న ఫోటో దిగుతరా?" అని నన్నే కోప్పడింది. ఆ రోజు ఒక్క మంచి ఫోటో లేకుండా బస్సెక్కాను. దారి పొడవునా నా మీద నాకే చిరాకు.

దీనికి తోడు నా కెమెరా పాతది, ఎవరో వాడి అమ్మింది. లోపల ఎక్కడో దుమ్ము చేరింది. కొండగట్టు మీద ఎంత శుభ్రమైన ఆకాశం తీసినా అందులో మూడు చుక్కలు పడతాయి. అందుకే ఇంటికొచ్చి ఫోటో తెరవగానే ముందు చుక్కలు చెరపడం అలవాటైంది. చుక్క కనిపిస్తే నా వేలు ఆగదు.

ఆ అలవాటు సిరిసిల్లలో నా కొంప ముంచింది.

అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఒక ఆదివారం ఆ చప్పుడు పట్టుకుని ఒక ఇంట్లోకి తొంగిచూశాను. నాలుగు సాంచాల మధ్య ఒక పెద్దాయన తిరుగుతున్నాడు. గదంతా తెల్లటి నూలు నుసి. ఆయన తల మీద, కనుబొమల మీద, మీసం మీద, కిటికీ వెలుతురులో తేలుతూ అదే నుసి. నేను రెండుసార్లు దగ్గాను. ఫోటో తీసుకోనా కాకా అని అడిగితే తల తిప్పకుండానే, "నేను ఆగితె పోగు తెగుతది బిడ్డా. నీ పని నువ్వు చేస్కో" అన్నాడు. ఇన్నేళ్లలో నా కోసం పని ఆపని మొదటి మనిషి ఆయనే. ఎగిరి గంతేయాలనిపించింది.

వెళ్లబోతుంటే గుమ్మం దాకా వచ్చాడు. "మంగళారం సాంచాలు తుక్కుకు ఇచ్చేస్తున్న, నాలుగు పోతయి. నడుస్తున్నట్టు ఒక్క ఫోటో కడిగించి ఇయ్యి. కోరుట్లల మనుమరాలున్నది, దానికింక మాటలే రాలే. పెద్దగైనంక తాత ఏం పని చేసిండో సూపెట్టాలె."

మూడు సాయంత్రాలు ఆ ఫోటో ముందు కూర్చున్నాను. నడిచే సాంచాలో వేగంగా కొట్టుకునే కర్ర కూడా కదలనట్టు స్పష్టంగా పడింది. అది నా గొప్పే అనుకున్నాను. ఇక చుక్కలు. కిటికీ దగ్గర చుక్కలు, జుట్టులో చుక్కలు, మీసంలో చుక్కలు. అది నుసి అని నాకు తెలియదా? తెలుసు. ఆ గదిలో దగ్గింది నేనే. కానీ తెర మీద చూస్తే నాకు చుక్కలే కనిపించాయి. ఒక్కొక్కటే చెరిపి, పాత ఫైలు మీదే సేవ్ కొట్టాను. బాగా రాని మిగతావాటితో సహా కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేశాను.

పటం కట్టించి, తరువాతి ఆదివారం తీసుకెళ్లాను. వీధిలో మిగతా ఇళ్ల నుంచి చప్పుడు వస్తోంది, ఆ ఇంటి నుంచి రావడం లేదు. గదిలో నేల మీద నూనె మరకలు మాత్రం ఉన్నాయి. ఆయన పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"సాంచా బందువెట్టినంక దించినవా బిడ్డా?"

"లేదు కాకా, నడుస్తుంటెనే దించిన."

"నడిస్తె నుసి ఏది? నా మీసం మీద సుత లేదు. పెండ్లికి పోయినట్టున్న."

కోపంగా అనలేదు. కోపగించుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. పాతది ఉంది, మళ్లీ కడిగించి తెస్తానని చెప్పడానికి పాతది లేదు. తప్పైంది కాకా అన్నాను. పని ఆపి నిలబడే వాళ్లను ఇన్నేళ్లు తిట్టుకున్నాను. పని ఆపని ఒక్క మనిషి దొరికితే నా చేత్తో నేనే ఆపేశాను.

ఆయన పటం పక్కన పెట్టి, కిటికీ జాలీకి పేరుకున్న నుసిని గుప్పెడు గీకాడు. తల మీద చల్లుకున్నాడు, మీసానికీ కనుబొమలకూ రుద్దుకున్నాడు. నూనె మరకల మధ్యకు వెళ్లి, అందరిలాగే చేతులు బిగించి నిటారుగా నిలబడ్డాడు.

"ఇగ దించు" అన్నాడు.

కదలమని నేను చెప్పలేదు. దించాను.

ఈసారి కంప్యూటర్ తెరవలేదు. కార్డు తీసి నేరుగా జగిత్యాలలో స్టూడియో ఆయన చేతిలో పెట్టాను. ఆయన తెర మీద పెద్దది చేసి చూసి, "మొఖం మీద తెల్లగ మచ్చలున్నయి మేడం, సాఫ్ చెయ్యాల్నా?" అని అడిగాడు.

వద్దన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన వెనక్కి తిరిగి చూశాడు.